కంప్యూటర్‌లో ఉన్ని మొలిచేదెలా?

పొద్దు వాలే వేళ ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లే దారిలో గొర్రెల మంద ఎదురైతే ఒక సంగతి గమనించండి. సూర్యుడు మంద వెనకాల ఉంటే ప్రతి గొర్రె చుట్టూ సన్నటి వెలుగు అంచు కట్టినట్టు కనిపిస్తుంది. పక్కనే నడిచే పొట్టేలు కొమ్ములకు ఆ అంచు ఉండదు. కొమ్ము, గిట్ట, ఉన్ని ఈ మూడూ కెరటిన్ అనే ఒకే రకం ప్రొటీన్‌తో తయారైనవే. మరి ఉన్ని వెలిగితే కొమ్ము ఎందుకు వెలగదు?

యానిమేషన్ సినిమాలు తీసేవాళ్లు ఏళ్ల తరబడి తలలు పట్టుకున్నది ఇలాంటి ప్రశ్నల దగ్గరే. 1995లో వచ్చిన మొదటి పూర్తి నిడివి కంప్యూటర్ యానిమేషన్ సినిమా ‘టాయ్ స్టోరీ’లో ముఖ్యపాత్రలు ఆటబొమ్మలు. ప్లాస్టిక్ బొమ్మను నమ్మించడం ఆనాటి కంప్యూటర్లకు చేతనయిన పని, వెంట్రుకను నమ్మించడం కాదు. ఆరేళ్ల తర్వాత, 2001లో అదే పిక్సార్ సంస్థ ‘మాన్‌స్టర్స్ ఇంక్’లో సల్లీ అనే భూతానికి 23 లక్షల పైచిలుకు వెంట్రుకలు మొలిపించింది. 2016 నాటి డిస్నీ సినిమా ‘జూటోపియా’లో ఒక్క జిరాఫీ ఒంటి మీదే 90 లక్షలు.

అంకెలు పెరిగినంత మాత్రాన నిజం రాదు. కోటి వెంట్రుకలు నాటినా బొమ్మ గొర్రె బొమ్మలాగే ఉండవచ్చు. మన కన్ను వెంట్రుకలను లెక్కపెట్టదు. అవి ఒకదానితో ఒకటి ఎలా కలిసి పడుకున్నాయి, ఎక్కడ విడిపోయాయి, వాటి మధ్యకు వెలుగు ఎంత దూరం దూరింది అన్నవే చూస్తుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ అసలు పని వెంట్రుకలను తయారు చేయడం కన్నా వాటి పొరుగు సంబంధాలను తయారు చేయడమే.

కొన్నింటిని నడిపిస్తే చాలు

మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. జంతువు ఒంటి మీద అంతకు ఎన్నో రెట్లు. ఏ కళాకారుడూ వాటిని ఒక్కొక్కటిగా దువ్వలేడు. ఇక్కడే గొర్రెల కాపరి ఎరిగిన కిటుకు ఒకటి పనికొస్తుంది. మందలో ప్రతి గొర్రెనూ అదిలించనక్కర్లేదు. ముందు నడిచే నాలుగైదింటిని మళ్లిస్తే మిగతావి వాటి వెంట పోతాయి. సాఫ్ట్‌వేర్‌లో ఆ ముందు నడిచేవాటిని గైడ్స్ అంటారు. చర్మం మీద అక్కడక్కడ కొన్ని వందలో, కొన్ని వేలో గైడ్ వెంట్రుకలను కళాకారులు చేత్తో మలుస్తారు. రెండు గైడ్స్ మధ్య మొలిచే వెంట్రుక తన పొరుగున ఉన్న గైడ్స్ పొడవును, వంపును, దిశను చూసి తన ఆకారం తెచ్చుకుంటుంది. దగ్గరి గైడ్ మాట ఎక్కువగా, దూరపుదాని మాట తక్కువగా వింటుంది.

పిక్సార్ 2012లో తీసిన ‘బ్రేవ్’ కథానాయిక మెరిడాకు ఎర్రటి ఉంగరాల జుట్టు. అందులో చేత్తో మలిచిన పాయలు 1,500 దాకా ఉంటే, వాటి నుంచి పుట్టిన మొత్తం వెంట్రుకలు 1,11,000కు పైనే.

అయితే అన్నీ గైడ్ చెప్పినట్టే వింటే జుట్టు విగ్గులా తయారవుతుంది. అందుకే దువ్విన తర్వాత చెదరగొట్టడం మొదలవుతుంది. కొన్ని వెంట్రుకలను పొట్టిగా కత్తిరిస్తారు, కొన్నింటిని ఎదురు తిప్పుతారు, కొన్నింటిని గుత్తులుగా కడతారు. ఆ గుత్తిలోంచి ఒకటి రెండింటిని బయటికి లాగుతారు. ఈ పనినంతా కలిపి గ్రూమింగ్ అంటారు. హైదరాబాద్ స్టూడియోల్లో గ్రూమ్ ఆర్టిస్ట్ అంటే ఈ పని చేసేవారే.

సుడి తప్పదు

దువ్వడంలో ఒక లెక్క అడ్డం వస్తుంది. బంతి నిండా వెంట్రుకలు ఉన్నాయనుకోండి. వాటన్నింటినీ ఎక్కడా సుడి రాకుండా, ఎక్కడా ఖాళీ పాయ పడకుండా నున్నగా పడుకోబెట్టడం అసాధ్యం. ఎంత ఓపికగా దువ్వినా కనీసం ఒక్కచోట వెంట్రుకలు తిరగబడతాయి. ఇది నమ్మకం కాదు, గణితంలో రుజువైన సిద్ధాంతం. డచ్ గణితవేత్త బ్రౌవర్ 1912లో దాన్ని సరి సంఖ్యలో కొలతలు (డైమెన్షన్లు) ఉన్న అన్ని గోళాలకూ వర్తించేలా నిరూపించాడు.

మన సంతల్లో ఎద్దును కొనేవాళ్లు పళ్లు చూసినట్టే సుడులు కూడా చూస్తారు. నుదుటి మీద, మూపురం దగ్గర, వీపు మీద ఎక్కడ ఏ సుడి ఉంది, అది మంచిదా చెడ్డదా అని బేరం మధ్యలో వాదనలు జరుగుతాయి. శకునాల సంగతి పక్కన పెడితే, ఆ కొనుగోలుదారు చూస్తున్నది గ్రూమ్ ఆర్టిస్ట్ చూడాల్సిన చోటే. చర్మం ఏ దిక్కున సాగి పెరిగిందో వెంట్రుక ఆ దిక్కును పట్టి చూపిస్తుంది. రెండు దిక్కులు కలిసేచోట సుడి పుడుతుంది. ఎద్దు నుదుటి మీద సుడి లేకుండా ముక్కు నుంచి మెడ దాకా ఒకే దిశలో దువ్వేస్తే, తేడా ఏమిటో చెప్పలేకపోయినా ఏదో తప్పుందని పల్లెటూరి ప్రేక్షకుడికి వెంటనే తడుతుంది.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దుల బండలాగుడు పోటీలప్పుడు ఒకసారి దగ్గర నుంచి చూడండి. బండ కదలని ఆ క్షణంలో ఎద్దు వెనక తొడ బిగుసుకుంటుంది. పొట్టి వెంట్రుకలే అయినా వాటి మీది మెరుపు ఆ కండతోపాటు జరుగుతుంది. కండ పొంగినచోట వెంట్రుకలు కాస్త విడిపడి కింది చర్మం ముదురుగా కనిపిస్తుంది. కండ వదలగానే మళ్లీ కమ్ముకుంటాయి. పొట్టి వెంట్రుకల జంతువును చేయడం సులువని చాలామంది అనుకుంటారు. నిజానికి పొడవాటి ఉన్ని కింది తప్పులను దాచేస్తుంది, పొట్టి వెంట్రుక దేన్నీ దాచదు.

బాక్స్: ఒక దక్కనీ గొర్రె, ఆరు అంచెలు

1. ఒళ్లు. ముందు వెంట్రుకలు లేని శరీరం చేస్తారు. ఎముకల మీద కండ, కండ మీద చర్మం. కత్తిరించిన గొర్రె ఎంత బక్కగా ఉంటుందో తెలిసినవారు దాన్ని లావుగా చేయరు. లావు ఉన్నిది.

2. ఎక్కడ మొలవాలి. చర్మం మీద ఒక పటం గీస్తారు. తెలుపు పూసినచోట ఒత్తుగా, నలుపు పూసినచోట అసలు లేకుండా. దక్కనీ గొర్రెకు వీపు, పక్కల మీద ఉన్ని ఉంటుంది. పొట్ట కింద, కాళ్లకు దాదాపు ఉండదు. అదే నెల్లూరు జాతి గొర్రె అయితే ఉన్నే లేదు, ఒళ్లంతా పొట్టి వెంట్రుకలే.

3. దిశ. గైడ్స్ నాటి దువ్వుతారు. సుడులు ఇక్కడే పెడతారు.

4. గుత్తులు. ఉన్ని విడివిడి పోగులుగా ఉండదు, పాయలుగా చుట్టుకుని ఉంటుంది. పెద్ద గుత్తిలో చిన్న గుత్తులు, వాటిలో ఇంకా చిన్నవి.

5. రంగు. వెంట్రుకకు రంగు వేయరు, మెలనిన్ పాళ్లు ఇస్తారు. నల్ల ఉన్ని మొదట్లో నల్లగా ఉన్నా ఎండకు మాడి కొసల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ తేడా పెట్టకపోతే గొర్రె ఇంట్లో పెరిగినట్టుంటుంది.

6. లోకం. దుమ్ము, రేగడి మట్టి, పల్లేరు కాయలు. ముళ్లకంపకు రాసుకున్న పక్క ఉన్ని పీచులా లేస్తుంది.

వెలుగు నడిచే మూడు దారులు

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. మనిషి వెంట్రుక మందం మిల్లీమీటరులో 20వ వంతు నుంచి 10వ వంతు దాకా ఉంటుంది. అంత సన్నగా ఉండటం వల్ల కెరటిన్‌లోంచి వెలుగు అవతలికి దాటగలదు. కొమ్ము కూడా అదే పదార్థమైనా పొరలు పొరలుగా దట్టంగా పేరుకున్నది కాబట్టి వెలుగు మధ్యలోనే ఇంకిపోతుంది.

1989లో జేమ్స్ కజియా, తిమోతీ కే అనే ఇద్దరు పరిశోధకులు బొచ్చుతో ఉన్న ఒక టెడ్డీబేర్ బొమ్మను కంప్యూటర్‌లో గీసి చూపించారు. వెంట్రుకను సన్నటి గొట్టంగా భావించి, దాని మీద పడిన వెలుగు ఎటు చెదురుతుందో వారు ఒక సూత్రం కట్టారు. దాదాపు పదిహేనేళ్లు అందరూ దాన్నే వాడారు. బాగానే ఉండేది కానీ ఆ జుట్టు తీగలా, ఎండుగడ్డిలా ఉండేది.

2003లో స్టీవ్ మార్ష్‌నర్, హెన్రిక్ వాన్ జెన్సన్, పాట్ హన్రహన్ తదితరులు నిజమైన వెంట్రుకను తీసుకుని, దాని మీద కాంతిపుంజం వేసి, అది ఎక్కడెక్కడికి పోతుందో కొలిచారు. మూడు ముఖ్యమైన దారులు తేలాయి.

మొదటి దారిలో వెలుగు వెంట్రుక పైతొక్కకు తగిలి అటునుంచటే వెనక్కి వస్తుంది. లోపలికి వెళ్లలేదు కాబట్టి దానికి వెంట్రుక రంగు అంటదు. నల్లటి జుట్టు మీద కూడా తెల్లటి మెరుపు కనిపించేది అందుకే.

రెండో దారిలో వెలుగు లోపలికి దూరి అవతలి వైపు నుంచి బయటపడుతుంది. మంద చుట్టూ వెలిగిన అంచు ఇదే.

మూడో దారిలో వెలుగు లోపలికి దూరి, వెనక గోడకు తగిలి, తిరిగి మనవైపు వస్తుంది. వెంట్రుక లోపలి రంగును రెండుసార్లు దాటి వస్తుంది కాబట్టి ఆ మెరుపు రంగు మెరుపు.

వెంట్రుక పైతొక్క నున్నటి గొట్టం కాదు, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వాలిన పొలుసులు. అవి కుదురు నుంచి కొస వైపు సుమారు 3 డిగ్రీలు వాలి ఉంటాయి. ఆ కాస్త వాలు వల్లే తెల్ల మెరుపు, రంగు మెరుపు వేర్వేరు చోట్ల పడతాయి. కొబ్బరినూనె రాసి దువ్విన జడ మీద ఎండలో ఈ రెండు పట్టీలు విడిగా కనిపిస్తాయి. కంప్యూటర్ జుట్టుకు అన్నాళ్లూ లేనిది ఆ రెండో పట్టీయే.

జంతువుల దగ్గరికి వచ్చేసరికి ఇంకో మెలిక పడింది. మనిషి వెంట్రుక నడిమి దూట చాలా సన్నం, కొన్నిసార్లు ఉండనే ఉండదు. జంతువుల బొచ్చులో అది లావుగా, గాలి గదులతో నిండి ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుగును అది నలుదిక్కులా చెదరగొడుతుంది. అందుకే జంతువు బొచ్చు మెత్తగా, మసకగా కనిపిస్తుంది. 2015లో లింగ్‌చీ యాన్, రవి రామమూర్తి, వారి సహచరులు ఈ దూటను కూడా లెక్కలోకి తీసుకున్న పద్ధతిని ప్రకటించారు. దక్కనీ గొర్రెది కంబళ్లకు పనికొచ్చే ముతక ఉన్ని. దూట ఉన్న పోగులు అందులో ఎక్కువ. మెరీనో గొర్రెల ఉన్ని లెక్కలు దీనికి పనికిరావు.

నల్ల గొర్రె సులువు, తెల్ల గొర్రె కష్టం

ఒక్క వెంట్రుక లెక్క తేలాక గుంపు లెక్క మిగులుతుంది. ఒక వెంట్రుకను దాటిన వెలుగు పక్కదాని మీద పడుతుంది, అక్కడి నుంచి ఇంకోదాని మీద. నల్ల ఉన్నిలో మెలనిన్ ఎక్కువ కాబట్టి రెండు మూడు మజిలీల్లోనే వెలుగు ఇంకిపోతుంది. కంప్యూటర్ అక్కడితో లెక్క ఆపేయవచ్చు. తెల్ల ఉన్నిలో వెలుగును మింగేది దాదాపు ఏమీ లేదు. పదుల మజిలీలు తిరిగి తిరిగి ఎక్కడో బయటపడుతుంది. అన్ని మజిలీలూ లెక్కగట్టకపోతే తెల్ల గొర్రె బూడిదరంగులో మురికిగా కనిపిస్తుంది.

ఆదోని మార్కెట్ యార్డులో పోసిన పత్తి రాశికి లోపలి నుంచి వెలుగుతున్నట్టుండే తెలుపు కూడా ఇలా వచ్చిందే. ఒక్క పోగు తీసి చూస్తే అది తెల్లగా ఉండదు, దాదాపు పారదర్శకం. తెలుపు రాశిది.

బాక్స్: మర్సరైజ్డ్ నూలు ఎందుకు మెరుస్తుంది?

పత్తి పోగును సూక్ష్మదర్శిని కింద పెడితే గుండ్రంగా ఉండదు. ఎండి చదునైపోయిన నాడాలా, మెలికలు తిరిగి కనిపిస్తుంది. ఆ మెలికల మీద పడ్డ వెలుగు తలోదిక్కుకూ చెదురుతుంది. అందుకే మామూలు నూలు గుడ్డకు మెరుపు తక్కువ.

19వ శతాబ్దం నడుమ ఇంగ్లండుకు చెందిన జాన్ మెర్సర్ నూలును గాఢమైన కాస్టిక్ సోడాలో నానబెడితే పోగు ఉబ్బుతుందని కనిపెట్టాడు. తర్వాతి కాలంలో హొరేస్ లోవ్ అలా నానబెట్టేటప్పుడు నూలును లాగి పట్టి ఉంచితే మెరుపు వస్తుందని చూపించాడు. మెలికలు విప్పుకుని పోగు గుండ్రటి కడ్డీలా మారుతుంది, వెలుగు ఒకే దిక్కున తిరిగి వస్తుంది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో ఏ నేతన్నకైనా ఈ నూలు తేడా చేతివేళ్లకే తెలుస్తుంది.

వెంట్రుక కోసం కట్టిన లెక్కలే గుడ్డకూ పనికొస్తాయి. 2011లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో షువాంగ్ ఝావ్, వెంజెల్ జేకబ్, స్టీవ్ మార్ష్‌నర్, కవితా బాలా గుడ్డ ముక్కలను సీటీ స్కాన్ తీసి, లోపలి పోగుల అమరిక ఆధారంగా వాటిని కంప్యూటర్‌లో పునర్నిర్మించారు. రంగును పైన పూయకుండా పోగు అమరిక నుంచి మెరుపును పుట్టించడం అందులోని కిటుకు.

కదిలితేనే పరీక్ష

నిలబడ్డ గొర్రె సరే, అది ఒళ్లు విదిలిస్తే? సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో గైడ్‌ను చిన్న చిన్న కణుపుల గొలుసుగా భావిస్తారు. కణుపుకూ కణుపుకూ మధ్య కనిపించని స్ప్రింగులు ఉంటాయి. సాగకుండా పట్టే స్ప్రింగు ఒకటి, వంగకుండా పట్టేది ఒకటి, మెలిపడకుండా పట్టేది ఇంకొకటి. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు. ప్రతి చిత్రానికీ గాలి, బరువు, శరీరం కదలిక ఆ స్ప్రింగులను ఎంత లాగాయో మళ్లీ మళ్లీ లెక్కవేయాలి.

ఉంగరాల జుట్టు దగ్గర ఈ లెక్క మొరాయించింది. ఉంగరం విడిపోకుండా స్ప్రింగు గట్టిగా పెడితే జుట్టు కట్టెలా బిగుసుకుంది. మెత్తగా పెడితే ఉంగరాలు సాగి జారిపోయాయి. మెరిడా జుట్టు కోసం పిక్సార్ బృందం వేరే ఉపాయం పన్నింది. ఉంగరాల మధ్యగా పోయే ఊహారేఖ ఒకటి గీసి, జుట్టు పొడవు సాగకుండా కాచే స్ప్రింగును ఆ రేఖకు కట్టింది. దాంతో ఉంగరం ఉంగరంగానే ఉంటూ మొత్తం పాయ హాయిగా ఊగింది.

తడి ఇంకో తలనొప్పి. నీటికి ఉన్న తలతన్యత వల్ల పక్కపక్క వెంట్రుకలు అతుక్కుని కొసదేరిన పాయలవుతాయి. నీటి పొరలో చిక్కిన వెలుగు లోపలే తిరిగి ఎక్కువగా ఇంకిపోతుంది కాబట్టి రంగు ముదురుతుంది. పైన మాత్రం నీటి మెరుపు. అంటే ఆకారం, రంగు, మెరుపు, బరువు నాలుగూ ఒకేసారి మారాలి. ఒక్కటి మారకపోయినా జంతువుకు నూనె రాసినట్టు కనిపిస్తుంది.

దూరం వల్ల వచ్చే చిక్కు వేరు. దూరాన ఉన్న గొర్రె వెంట్రుక తెరమీది ఒక్క చుక్క కన్నా ఎన్నో రెట్లు సన్నం. అలాగే గీస్తే బొమ్మ మిణుకుమంటుంది, లెక్కకు గంటలు పడతాయి. అందుకని దూరం పెరిగేకొద్దీ సాఫ్ట్‌వేర్ వెంట్రుకలను తగ్గిస్తూ, మిగిలినవాటిని లావు చేస్తూ పోతుంది. మొత్తం కప్పే జాగా మారదు కాబట్టి కన్ను పట్టుకోలేదు.

మన హైదరాబాద్ సంగతి

2012 తెలుగువారికి ఈ విద్యలో గుర్తుండే ఏడాది. ఆ జులైలో వచ్చిన రాజమౌళి ‘ఈగ’లో కథానాయకుడే కంప్యూటర్‌లో పుట్టినవాడు. హైదరాబాద్‌కు చెందిన మకుట సంస్థ గ్రాఫిక్స్ చేసిన ఆ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంతోపాటు స్పెషల్ ఎఫెక్ట్స్‌కు కూడా జాతీయ పురస్కారం వచ్చింది. ఈగ ఒంటి మీదివి ఉన్నిలా చుట్టుకోవు. గాలి కదలికను పసిగట్టే బిరుసు ముళ్లు అవి, విడివిడిగా నిలబడతాయి. ఇక్కడ గుత్తులు కట్టడం తప్పవుతుంది. వెండితెర నిండా ఈగ మొహం చూపించాలంటే ప్రతి ముల్లూ విడిగా వెలుగు పట్టాలి.

అదే ఏడాది చివర వచ్చిన ‘లైఫ్ ఆఫ్ పై’ పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు లాస్ ఏంజెలెస్‌తోపాటు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. ఆ సినిమాలో కొన్ని షాట్లలో నిజమైన పులి, చాలా షాట్లలో కంప్యూటర్ పులి. రెండూ వెంటవెంటనే వస్తాయి కాబట్టి బొచ్చులో ఏ తేడా ఉన్నా దొరికిపోతుంది. 2013 ఫిబ్రవరి 24న ఆ పులికి ఆస్కార్ వచ్చింది. అప్పటికి ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసి రెండు వారాలైనా కాలేదు. వెంట్రుకలు మొలిపించడానికి పట్టే మనుషుల కష్టానికీ, దానికి ముందే ఒప్పుకున్న ధరకూ మధ్య ఎంత దూరం ఉంటుందో లోకానికి తెలిసింది అప్పుడే. 2015లో ‘బాహుబలి’లో భల్లాలదేవుడితో తలపడ్డ దున్నపోతంత ఎద్దు వచ్చేనాటికి ఇలాంటి పని తెలుగు సినిమాకు అలవాటైపోయింది.

చూపు ఎవరిది?

ఒకప్పుడు ఈ పరికరాలు పెద్ద స్టూడియోల గోడల మధ్యే ఉండేవి. ‘జూటోపియా’ కోసం డిస్నీ పరిశోధకులు తయారు చేసి 2016లో ప్రకటించిన వెంట్రుకల పద్ధతి తర్వాత బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసింది. అందులో మెలనిన్ ఎంత, ఎరుపు పాలు ఎంత, ఎంత గరుకు అన్నవి మీటలు జరిపి పెట్టుకోవచ్చు. బ్లెండర్ బృందమే 2015లో ‘కాస్మోస్ లాండ్రోమాట్’ అనే లఘుచిత్రం తీసింది. అందులో ప్రధాన పాత్ర ఫ్రాంక్ అనే గొర్రె.

కాబట్టి ఆదోనిలో పాలిటెక్నిక్ చదివే కుర్రాడికి ఈరోజు సాఫ్ట్‌వేర్ కొరత లేదు. కొరతంతా చూపుకే. ఎదురెండలో ఉన్ని ఎంత లోతు దాకా వెలుగుతుంది, వానలో తడిసిన మర్నాడు పాయలు ఎలా ఎండుతాయి, ఏటా రెండుసార్లు కత్తిరించే ఉన్ని ఏ నెలలో ఎంత ఎత్తు పెరుగుతుంది? ఇవి ఏ మీట మీదా రాసి ఉండవు. పడమటి కర్నూలు పల్లెల్లో కురుబల మందల వెంట నాలుగు రోజులు నడిస్తే తెలుస్తాయి. ఫోన్ కెమెరాతో ఫొటోలు తీసేటప్పుడు సూర్యుణ్ణి వెనక పెట్టుకోకుండా గొర్రె వెనక ఉంచి తీయడం మొదటి పాఠం.

పని పూర్తయిందో లేదో తేల్చుకోవడానికి తెలుగు నేల మీద ఆస్కార్ జ్యూరీ కన్నా కఠినమైన పరీక్షకులు ఉన్నారు. తయారైన గొర్రెను ఫోన్‌లో ఒక కాపరికి చూపించి, “అన్నా, ఇది ఏ జాతిది? బొచ్చు కత్తిరించి ఎన్నాళ్లయి ఉంటుంది?” అని అడగాలి. ఆయన “ఇది బొమ్మ కదా” అంటే మళ్లీ మొదటి అంచెకు పోవాలి. “రెండు నెలలు దాటింది, మళ్లీ కత్తెర వేసే వేళ కాలేదు” అంటే ఆ గొర్రె సిద్ధమైనట్టే.